తీరానికి యాభై గజాల విదేశం

నన్ను పూర్ణా మార్కెట్ శాఖకు వేసింది ఒక మార్చి మొదట్లో. విదేశీ ఓడల్లో పనిచేసేవారి ఆదాయపు పన్ను పత్రాలు దాఖలు చేసే సంస్థ మాది. నా హోదా సీనియర్ అసిస్టెంటు. విశాఖపట్నంలో గుండెనొప్పికి డాక్టరును వెతకాలేమో గాని, రెండు దేశాల పన్నుకు సలహాదారును వెతకక్కర్లేదు. జెరాక్సు కొట్లో, టీ బండి దగ్గర, చేపల వేలంలో అడక్కుండానే దొరుకుతాడు. జనం ఆ సలహాలన్నీ పాటించాక మా దగ్గరకు వచ్చేవారు.

ఆ నెలాఖరులో జాలరిపేట నుంచి మహాలక్ష్మి అనే ఆవిడ చేపల తట్టతోనే మా మెట్లెక్కింది.

"సారూ, మా ఆయన ఓడ దిగి నాలుగ్రోజులైంది. ఇంటికి రాడు, పడవలో కూసున్నాడు. మీరొచ్చి దింపండి."

భర్త నూకరాజు విదేశీ ఓడలో ఇంజను గది మనిషి. ఓడ మన రేవుకే వచ్చి అతన్ని దింపింది. ఏడాదిలో నూట ఎనభై రెండు రోజులు దేశంలో ఉంటే అతను ఇక్కడి నివాసి కింద లెక్క. అప్పుడు విదేశీ జీతానికీ ఇక్కడ పన్ను పడుతుంది, ఇంటికి వేయబోయే శ్లాబు ఆగిపోతుంది. బయట ఉండాల్సిన రోజులు ఇంకా ఐదు తక్కువయ్యాయని లెక్కకట్టినవాడు మహాలక్ష్మి అన్న పోలన్న. "నేల మీద కాలెట్టకు బావా" అంటూ పోర్టు గేటు దగ్గరే ఆటో ఎక్కించి, ఒడ్డున భుజాన వేసుకుని పడవలో దింపాడట.

వెళ్లి చూద్దును కదా, ఒడ్డుకు యాభై గజాల్లో నూకరాజు గొడుగు కింద విదేశంలో ఉన్నాడు. పక్కన మరో మూడు పడవలు చేరాయి. వాటిలో ఒకడు జన్మలో ఓడ ఎక్కనివాడు, ముందుజాగ్రత్తకు కూర్చున్నాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

నేనూ పడవెక్కి, ఓడ ఉద్యోగికి ఇచ్చే పుస్తకం చూపించమన్నాను. ఓడ ఎక్కిన తేదీ, దిగిన తేదీ అందులో ముద్ర వేస్తారు. మాకు ఆ రెండే ప్రమాణం. దిగిన ముద్ర నాలుగు రోజుల కిందటే పడిపోయిందనీ, ఈ గొడుగు కింద ఏడాది కూర్చున్నా ఒక్క రోజు కలవదనీ చెప్పాను.

నూకరాజు గొడుగు జారవిడిచాడు. "అయితే శ్లాబు పోయినట్టేనా సారూ?"

లెక్క ఎప్పటినుంచి కట్టావని, తెడ్డు పట్టుకుని మా పడవలోనే ఉన్న పోలన్నను అడిగాను.

"ఏట మొదలైన కాణ్నించి సారూ. మాకేడాది అప్పుడే కదేటి!"

జూన్ నడిమిలో చేపల వేట నిషేధం ఎత్తేసిన రోజే అతనికి ఉగాది. పన్ను శాఖకు మాత్రం ఏడాది ఏప్రిల్ ఒకటిన మొదలవుతుంది. కిందటి ఏప్రిల్, మే నెలల్లో నూకరాజు పాత ఓడ మీదే ఉన్నాడు. పుస్తకంలో ఆ ముద్రలూ ఉన్నాయి. అవి కలిపితే కావలసినదానికన్నా ఎక్కువ రోజులే తేలాయి. ఓడ దిగేనాటికే అతను గట్టెక్కాడు.

ఒడ్డున ఉన్న మహాలక్ష్మికి ఈ మాట కేకేసి చెప్పాం.

"ఓ అన్నియ్యా! నీ సలహాకి నా మొగుడు ఎండుసేపైపోనాడు. ఇప్పుడు నువ్వు కూసో ఐదు రోజులు!"

నూకరాజు నడుంలోతు నీళ్లలోకి దూకి నేరుగా ఇంటికి నడిచాడు. "ఏదైతేనేటి సారూ, నాను సెప్పినట్టు పన్ను పడనేదు కదా!" అన్నాడు పోలన్న. ఆ వారం నుంచి అతని దగ్గరకు వెళ్లేవాళ్లు పెరిగారు, మా దగ్గరకు వచ్చేవాళ్లు తగ్గారు.

ఆ తర్వాత స్వచ్ఛంద విరమణ తీసుకునే దాకా, కొత్త మనిషి ఎవరొచ్చినా మీ సలహాదారుకు ఏడాది ఎప్పుడు మొదలవుతుందని ముందు అడిగేవాణ్ని. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదే: పని జరిగిపోతే తప్పు సలహాకూ పేరొస్తుంది. సరైన సలహాకు ఫీజే వస్తుంది, అదీ బేరమాడాక.