నాలుగు నిమిషాల పన్నెండు సెకన్ల ట్రాకు

2019 నవంబర్ 6, బుధవారం. నస్రుల్లాబాద్ దగ్గర ఒక వరి పొలంలో జానపద పాట వీడియో తీస్తుంటే ఎడిటర్‌గా వెళ్లాను. బాన్సువాడలో పెళ్లి క్యాసెట్లతో మొదలుపెట్టి అప్పటికి ఇరవై ఆరేళ్లు. నిజానికి షూటింగ్ దగ్గర ఎడిటర్‌కు పని ఉండదు. మాది చిన్న యూనిట్ కాబట్టి ట్రాకు వేసే బాధ్యత కూడా నాదే. పాటను ముందే రికార్డు చేస్తారు. పొలంలో దాన్ని స్పీకర్లో వేస్తే నటి పెదవులు కలుపుతుంది. అక్కడి శబ్దం ఏదీ వీడియోలోకి రాదు.

సీడీల కాలం నుంచీ ఈ పాటలకు ఒక ఆనవాయితీ ఉంది. గొంతు ఒకరిది, తెర మీద ముఖం ఇంకొకరిది. ఆ రోజు మాత్రం పాడిన గంగమణే నటిస్తోంది. బీడీలు చుట్టే మనిషి, ముప్పై నాలుగేళ్లు. అంతకుముందు ఆమె పాడిన ఐదు పాటల్లోనూ వేరేవాళ్ల ముఖాలే. కుదరకపోతే హైదరాబాద్ నుంచి అమ్మాయిని పిలుస్తానని నిర్మాత శ్రీనివాస్ ముందే చెప్పి, ఒక్క రోజు ఇచ్చాడు. సాయంత్రం నాలుగింటికి ఆ పొలానికి కోత మిషన్ రావాలి.

మధ్యాహ్నం ఒంటిగంటా పదికి, ఉదయం తీసిన పదిహేడు షాట్లను ల్యాప్‌టాప్‌లో పాట మీద పేర్చాను. మొదటి పంక్తి కలిసింది. రెండో పంక్తికి పెదవులు వెనకబడ్డాయి. నా వెనక నిలబడ్డ శ్రీనివాస్ అది చూశాడు.

"నేను చెప్పలే? పాడేటోళ్లకు యాక్టింగ్ రాదు. గామెకేమో హీరోయిన్ కావాల్నని షోకు," అన్నాడు.

గంగమణి అన్నం గిన్నె కింద పెట్టి వచ్చింది. "నా పాటకు నా నోరే తప్పిందా అక్కా? గట్లెట్లయితది?"

పెన్‌డ్రైవ్ తెరిచి ట్రాకుల నిడివి చూశాను. గొంతు బొంగురుగా ఉందని ఆ పాటను ఆమెతో రెండుసార్లు పాడించారు. రెండోసారి పాడిందే ఆడియోగా విడుదలైంది. దాని నిడివి నాలుగు నిమిషాల ఆరు సెకన్లు. మొదటిది నాలుగు నిమిషాల పన్నెండు. పెన్‌డ్రైవ్‌లో రెండింటికీ పేరు ఒకటే, చివరి అంకె తప్ప. వీడియోలో ఉండాల్సిందీ, ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ రెండోదే. పొలంలో నేను వేసింది మొదటిది. వీడియో వేగం పెంచి సరిచేయడానికీ లేదు. రెండుసార్లలో విరుపులు ఒకేచోట పడలేదు. నిడివి చూసి వేయడం నా నియమం. ఆ రోజు పేరు చూసి వేశాను.

ఇది నాకు ఒంటిగంటా పదమూడుకు అర్థమైంది. చెప్పింది పదిహేడుకు. ఆ నాలుగు నిమిషాలూ వేరే దారి ఉందేమోనని లెక్కలు వేస్తూ కూర్చున్నాను. ఈలోగా శ్రీనివాస్ హైదరాబాద్‌కు ఫోన్ కలిపాడు. గంగమణి కిరాయికి తెచ్చిన కంటె, కడియాలు తీసి డబ్బాలో పెడుతోంది.

తప్పు నాదని చెప్పాను.

"ఇరవై ఆరేండ్ల సర్వీసు నీది," అన్నాడు శ్రీనివాస్, ఫోన్ దించి.

గంగమణి డబ్బా మళ్లీ తెరిచింది. కడియాలు మళ్లీ తొడుక్కుంది. "ఇగ కూసొని ఏం జేస్తరు, లెవ్వుండ్రి. మిషనొస్తది."

చేతులు, కాళ్లు, కొడవలి కనిపించే షాట్లు ఏడు పనికొచ్చాయి. ముఖం ఉన్న పదీ తిరిగి తీయాలి. మిషన్ మూడున్నరకే వచ్చింది. దాని మోతకు స్పీకర్ వినపడలేదు. గంగమణి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, వైరు కొంగు కింద దాచి, ఇంకా కోయని వరి ముందు నిలబెట్టాం. చివరి షాటు నాలుగూ ఇరవైకి తీశాం. అందులో ఆమె వెనక మిగిలిన పైరు నాలుగు గజాలే.

వీడియో ఆమె ముఖంతోనే వచ్చింది.

పెదవి తప్పితే ముందు ట్రాకును అనుమానించాలి, ఆ తర్వాతే మనిషిని. మా పనిలో దీన్ని తలకిందులు చేస్తారు. ట్రాకు వేసినవాళ్లు పక్కనే ఉండి మాట్లాడకపోవడమే అందుకు కారణం. నేనూ నాలుగు నిమిషాలు మాట్లాడలేదు.