కాయిలమ్మ రెండు మోటార్ల పడవ

కాలిపోయిన మోటారును ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి వాసన చూస్తే చాలు, దానికేం జబ్బు చేసిందో ఆవిడ చెప్పేస్తుంది. నీళ్ళ పంపులు, ఫ్యాన్లు, కుట్టుమిషన్ల మోటార్లు, తిరగడం మానేసినవన్నీ చివరికి ఆ వైండింగ్ షాపు గడపే తొక్కుతాయి. రోజంతా రాగి కాయిల్స్ చుడుతూ కూర్చుంటుంది కనుక వీధిలో ఆవిడకు కాయిలమ్మ అని పేరు పడిపోయింది. మొదట్లో అది ఎవరో వెటకారానికి అన్న మాట. ఆవిడ దాన్నే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించి షాపు ముందు తగిలించింది. దాంతో వెటకారం చేసేవాళ్ళకు పని లేకుండా పోయింది.

ఒకరోజు మధ్యాహ్నం, వీధి చివర మందుల షాపాయన గుప్పెట్లో ఏదో దాచుకుని వచ్చాడు. గుప్పిట విప్పితే నిమ్మకాయంత మోటారు.

"బొమ్మ పడవదండీ. కాలిపోయింది. కొత్తది కొనుక్కోమని అందరూ అంటున్నారు. మీరు చుట్టగలరా?"

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మూడు తీగల మోటారు. లోపలి సంగతంతా పెద్ద పంపు మోటారుదే, కాకపోతే వెయ్యోవంతు.

"చుట్టలేని మోటారు ఇంకా పుట్టలేదండీ. ఎల్లుండి రండి," అంది.

చెప్పిన రోజుకే ఇచ్చింది. ఆ సంతోషంలో ఆయన, ఆదివారం చెరువు దగ్గరకు వచ్చి చూడమని పిలిచాడు. బస్సు డ్రైవరైన భర్తకు ఆరోజు సెలవు కావడంతో ఇద్దరూ వెళ్ళారు. గట్టు మీద పదిమంది దాకా పెద్దవాళ్ళు మెడలో రిమోట్లు వేలాడేసుకుని నిలబడి ఉన్నారు. మందులాయన రిమోటు మీట నొక్కగానే మూరెడు పొడవున్న పడవ నీళ్ళను చీల్చుకుంటూ అవతలి ఒడ్డుదాకా వెళ్ళి, నురగ చిమ్మి తిరిగొచ్చింది. తను చుట్టిన తీగ అంత దూరంలో అలా అరుస్తుంటే ఆవిడ ఒళ్ళు పులకరించిపోయింది.

ఇంటికి వస్తూ దారిలోనే చెప్పేసింది. "నేనూ ఒకటి చేస్తాను. ఒక మోటారుది కాదు, రెండు మోటార్లది. ఐదడుగుల పొడవుండాలి."

"ఐదడుగులా? నువ్వున్నదే ఐదడుగులు. దానికి పడవెందుకు, నువ్వే ఈదెయ్యరాదూ!" అన్నాడు భర్త.

"ఈత రాదు కాబట్టే పడవ," అంది ఆవిడ.

మోటార్ల సంగతి ఆవిడకు కొట్టినపిండి. చెక్కపని మాత్రం రాదు. అయితే ఆ ఇంట్లో చెక్కపని తెలిసిన మనిషికి కొదవ లేదు. మామగారిని ఊరంతా మెట్ల మేస్త్రీ అంటారు. వంపు తిరిగిన చెక్కమెట్లు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. రెండేళ్ళ కిందట మోకాళ్ళ నొప్పులని చెప్పి పని మానేసి, అప్పటినుంచి వరండాలో కుర్చీకి అతుక్కుపోయాడు. కోడలు పడవ మాట ఎత్తగానే ఆ కుర్చీ ఖాళీ అయింది.

"చెక్క సంగతి నాకొదిలెయ్యి అమ్మాయ్. నువ్వు తీగలు చుట్టుకో," అన్నాడు.

ముందుగదిలో భోజనాల బల్ల పోయి పడవ బల్ల వచ్చింది. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినడం మొదలుపెట్టారు. ముసలాయన పలచటి ప్లైవుడ్డు తెప్పించి, లోపల పక్కటెముకల్లాంటి చట్రం కట్టి, దాని మీద చెక్క వంచి అతికాడు. పెన్సిల్ గీతలు తనకు నచ్చవని, కోడలి చేత లావుపాటి నల్ల మార్కరుతో గీయించుకునేవాడు. ఒక్కో పలకను చిత్రిక పట్టి, అరచేత్తో తడిమి, మళ్ళీ పట్టేవాడు. బరువు దగ్గర మాత్రం మామాకోడళ్ళకు రోజూ పేచీయే.

"నేను కట్టిన మెట్లు ఏనుగెక్కినా కిర్రుమనవు తెలుసా?"

"దీన్ని ఏనుగెక్కదు మామయ్యా. ఎక్కేది బ్యాటరీలే. ఆ అడ్డకర్ర తీసెయ్యండి."

సణుక్కుంటూనే తీసేసేవాడు. ఆవిడ రెండు మోటార్లనూ ఒకే చుట్టలోని తీగతో, ఒక్క చుట్టు కూడా తేడా లేకుండా లెక్కపెట్టి చుట్టింది. చెరువు నీళ్ళే లోపలికి వచ్చి మోటార్లను చల్లబరిచి బయటకు పోయేలా సన్నటి రాగి గొట్టాలు అమర్చింది. పైన ఫైబర్ గుడ్డ పరిచి, గట్టిపడే రెజిన్ జిగురు పూశాక నీలం రంగు వేశారు. మూడు నెలలకు పడవ తయారైంది. బ్యాటరీలతో కలిపి పన్నెండు కిలోలు.

మొదటిసారి నీళ్ళలోకి దింపిన ఆదివారం గట్టు మీద ఉన్నవాళ్ళంతా చుట్టూ మూగారు. మీట నొక్కింది. పడవ ఒక పక్కకు ఒరిగి, ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ కంగారుపడలేదు. రెండు ప్రొపెల్లర్లూ ఒకే దిక్కుకు తిరుగుతున్నాయి, రెండూ కలిసి పడవను ఒకే పక్కకు తోస్తున్నాయి. ఒక మోటారుకున్న మూడు తీగల్లో రెండింటిని అటుదిటు మార్చి, ఎదురు దిక్కు ప్రొపెల్లరు తొడిగింది. పై ఆదివారానికి తిరగడం ఆగి, ముక్కు ఎగరడం మొదలైంది. వేగం పెరిగే కొద్దీ కప్పలా గంతులేస్తోంది. బ్యాటరీలను నాలుగు వేళ్ళ మందం ముందుకు జరిపింది. గంతులు ఆగాయి.

ఇక మిగిలింది ఒక్కటే. పూర్తి వేగంలో పడవ కుడికి లాగేస్తోంది.

గట్టు మీద తలా ఒక మాట. చుక్కాని వంకరన్నారు ఒకరు, గాలి అన్నారు ఇంకొకరు. మామగారు మాత్రం తేల్చి చెప్పేశాడు. "నీ మోటార్లలోనే ఏదో తేడా ఉందమ్మాయ్."

ఆ మాట ఆవిడకు చురుక్కుమంది. అయినా పరీక్షకు పెట్టకుండా వాదించే అలవాటు లేదు. కుడి మోటారు ఎడమకు, ఎడమది కుడికి మార్చి నడిపింది. పడవ కుడికే లాగింది. మోటార్లకు కరెంటు పంచే పెట్టెలను అటుదిటు మార్చింది. కుడికే లాగింది. చుక్కాని విప్పి తిన్నగా ఉందో లేదో చూసి బిగించింది. అయినా అంతే.

చివరికి రిమోటులోనే ఎడమ మోటారు జోరు కాస్త తగ్గించి, కుడిదాని జోరు కాస్త పెంచింది. పడవ గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. చప్పట్లు మోగాయి. మందులాయన దగ్గరకొచ్చి, "అయిపోయిందండీ, ఇక వదిలేయండి. వచ్చే నెల పందెంలోకి దింపేయొచ్చు," అన్నాడు.

ఆవిడ ఒడ్డుకు తెచ్చి మూత తీసి మోటార్ల మీద చెయ్యి పెట్టింది. ఎడమది గోరువెచ్చగా ఉంది. కుడిది చుర్రుమని కాలింది. పైగా వేగం తగ్గిస్తే పడవ ఎడమకు పోతోంది.

"ఇది నయం కావడం కాదండీ, నొప్పి తెలియకుండా బిళ్ళ వేసుకోవడం. మీకు తెలియనిదేముంది?" అంది. మందులాయన నవ్వేశాడు.

మర్నాడు షాపుకు వెళ్ళేముందు, మామగారు స్నానంలో ఉండగా, ఆవిడ పడవను బల్ల మీద బోర్లించింది. పలక మెలి తిరిగిందో లేదో చూడటానికి ఆయన చేసే పని ఆవిడ ఎన్నోసార్లు చూసింది. రెండు తిన్నటి బద్దలను పలక మీద ముందొకటి, వెనకొకటి అడ్డంగా పెట్టి, వంగి ఒంటికన్నుతో చూస్తాడు. రెండు బద్దలూ ఒకే గీతగా కనబడితే పలక సాపుగా ఉన్నట్టు. ఆవిడా అలాగే పెట్టి చూసింది. ఒక గీత కాదు. కుడివైపు, వెనక భాగంలో పడవ అడుగు రెండు నాణేల మందం తేడాగా ఉంది. దారం లాగి కట్టి కూడా చూసింది. తేడా తేడాయే.

భర్త వచ్చి చూసి గొంతు తగ్గించాడు. "నాన్నకు చెప్పకు. మనమే గరుకు కాగితంతో రుద్దేద్దాం. ఆయనకేం తెలుస్తుంది?"

"ఆయన పని మీద ఆయనకు తెలియకుండా నేను చెయ్యి వెయ్యను. నేను చుట్టిన మోటారును ఎవరైనా చాటుగా విప్పితే ఊరుకుంటానా?"

మామగారు తల తుడుచుకుంటూ వచ్చాడు. కిటికీలోంచి ఎండ సూటిగా బల్ల మీద పడుతోంది.

"మామయ్యా, ఒక్కసారి చూసి చెప్పండి."

ఆయన వంగి, ఒక కన్ను మూసి చూశాడు. "ఒకటే గీత."

"ఇంకోసారి చూడండి."

"చెప్పాగా, ఒకటే గీతని! నలభై ఏళ్ళుగా చూస్తున్న కన్ను ఇది."

ఎండలో అంత స్పష్టంగా కనబడుతున్న తేడా. ఆవిడకు అప్పుడు తట్టింది. లావుపాటి నల్లగీతలు ఎందుకు గీయించుకున్నాడో, ప్రతి పలకనూ అరచేత్తో ఎందుకు తడిమాడో. గొంతులో జాలి వినబడకుండా జాగ్రత్తపడింది.

"అయితే వేళ్ళతో చూడండి మామయ్యా."

ఆయన విసుగ్గా చెయ్యి చాపాడు. అరచెయ్యి ఎడమవైపు వెనక్కి జారింది. తర్వాత కుడివైపు జారింది. సగంలో ఆగింది. మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. చెయ్యి తీయకుండా అలాగే నిలబడిపోయాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది.

"రెండేళ్ళు," అన్నాడు. "ఆఖరున కట్టిన మెట్లలో ఒకటి పొట్టిగా వచ్చింది. ఆ ఇంటివాళ్ళు గమనించలేదు. దిగుతుంటే నా కాలికి తెలిసింది. మర్నాడు వెళ్ళి సరిచేసి, ఇంటికొచ్చి ఉలి పెట్టెలో పెట్టేశా."

"మరి మోకాళ్ళన్నారు?"

"మోకాళ్ళంటే ఎవరూ ఇంకేం అడగరు. కళ్ళంటే, మేస్త్రీ పని అయిపోయిందంటారు."

"మోటారు కాలితే పారేస్తామా? విప్పి చూస్తాం."

"నా కన్ను మోటారు కాదమ్మాయ్."

"కాదు కాబట్టే విప్పడానికి నేను చాలను. డాక్టరు దగ్గరకు వెళ్దాం."

ముసలాయన మూడు రోజులు మళ్ళీ వరండా కుర్చీకే అతుక్కుపోయాడు. పడవ వైపు కన్నెత్తి చూడలేదు. కోడలూ బతిమాలలేదు, పడవను బల్ల మీద అలాగే బోర్లా ఉంచేసి షాపుకు వెళ్ళొచ్చింది. నాలుగో రోజు పొద్దున్నే చూస్తే, ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఆ డాక్టరు పొద్దునే చూస్తాడా, సాయంత్రమా?" అన్నాడు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరిపోయాయని చెప్పారు. ముందు కుడి కన్నుకు ఆపరేషన్ చేశారు. కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చిన రోజు ఆయన నేరుగా బల్ల దగ్గరకు వెళ్ళాడు.

"ఇది నీలమా? ఇన్నాళ్ళూ ఆకుపచ్చ అనుకున్నానే!" అన్నాడు. తర్వాత బద్దలు పెట్టి వంగి చూశాడు. చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఛీ ఛీ! ఏ తాగుబోతు చేశాడే దీన్ని?"

ఇల్లంతా గొల్లుమంది. అందరికన్నా పెద్దగా ఆయనే నవ్వాడు.

డాక్టరు సరేననేదాకా ఆగి, అప్పుడు పనిలోకి దిగాడు. ఆ నెల పందెం కాస్తా దాటిపోయింది. పోతే పోయింది, ఇంకొకటి వస్తుందిలే అంది కోడలు. ఆయన అడుగుభాగంలో ఫైబరు గీకేసి, ఎక్కువైనచోట చిత్రిక పట్టి, తక్కువైనచోట నింపి, మళ్ళీ గుడ్డ పరిచాడు. ఈసారి పెన్సిల్ గీత, అదీ వెంట్రుకంత సన్నగా. కోడలు రిమోటులో మార్చినవన్నీ చెరిపేసి, రెండు మోటార్లనూ సమానం చేసింది.

పని పూర్తయిన ఆదివారం చెరువు మీద గాలి లేదు. పడవను దింపి, మీట కొంచెం కొంచెంగా పెంచుతూ పోయింది. మెల్లగా పోయినా, జోరుగా పోయినా పడవ ముక్కుసూటిగానే వెళ్ళింది. రెండు మోటార్లదీ ఒకటే శ్రుతి. కళ్ళు మూసుకుని వింటే ఒకే మోటారు తిరుగుతోందనిపిస్తుంది. మూడు చుట్లయ్యాక ఒడ్డుకు తెచ్చి మూత తీసి ముట్టుకుంటే రెండూ గోరువెచ్చగానే ఉన్నాయి.

"చూశారుగా, నా మోటార్లలో తేడా లేదని," అంది.

"ఒప్పుకున్నాంలే, ఊరంతా చాటింపు వెయ్యకు," అన్నాడు మామగారు.

తర్వాతి పందెంలో ఏడు పడవలు దిగాయి. ఆఖరి చుట్టు వరకూ కాయిలమ్మదే ముందుంది. అంతలో నాచు చుట్టుకుని ఎడమ ప్రొపెల్లరు బిగుసుకుపోయింది. ఆవిడ క్షణం ఆలోచించలేదు. ఎడమ మోటారు ఆపేసి, చుక్కాని కుడికి తిప్పిపట్టి, కుడి మోటారు ఒక్కదానితోనే పడవను గమ్యం దాటించింది. మూడో స్థానం. మొదట వచ్చిన మందులాయన తన పడవను వదిలేసి ఈ పడవను చూడటానికి పరుగెత్తుకొచ్చాడు.

"ఒక్క మోటారుతో పన్నెండు కిలోలని అంత తిన్నగా ఎలా తెచ్చారండీ?"

"అడుగు సాపుగా ఉంటే వస్తుందండీ," అని ఆవిడ మామగారి వైపు చూపించింది.

రెండో కన్ను కూడా బాగయ్యాక మెట్ల మేస్త్రీ మళ్ళీ పనికి వెళ్ళడం మొదలుపెట్టాడు. బడిలో కొత్తగా కట్టిన గ్రంథాలయంలో, పైగదికి పదిహేడు మెట్లు. కోడలు షాపుకు సెలవు పెట్టి చూడటానికి వెళ్ళింది. ఆయన కిందనుంచి, "ఎక్కు, ఎక్కు, గెంతుతూ ఎక్కు!" అని అరిచాడు. ఆవిడ కొంగు దోపుకుని గెంతుతూనే ఎక్కింది. ఎక్కడా కిర్రుమనలేదు.