అమ్మ పాటకు దారిచ్చిన ఎర్ర చుక్క

మా సందంతా సూరత్ మగ్గాల మీద బతికే తెలంగాణ కుటుంబాలే. బతుకమ్మ వస్తే మా అమ్మ పాట ఎత్తుకోవాలి, మిగతా ఆడవాళ్లు అందుకోవాలి. ఆఖరి పాటలో ఇంటింటి కోడలినీ ఒక్కో చరణంలో ఆటపట్టించడం అమ్మ అలవాటు. ఆమె పాడిన చివరి ఏడాది మా ఆవిడ జ్వరంతో ఇంట్లోనే పడుకుంది. మా ఆవిడ మీద అమ్మ పాడిన చరణానికి అందరూ గొల్లున నవ్వారట. ఏం పాడిందని ఎవరిని అడిగినా, “మాకేం యాదికున్నది?” అని తప్పించుకున్నారు.

అసలే వాళ్లిద్దరికీ ఉప్పూ నిప్పూ. అమ్మ పోయాక కూడా మా ఆవిడకు అదే దిగులు. “అందరి ముంగట నన్నేం తిట్టిందో,” అని ఎన్నిసార్లు కళ్లు తుడుచుకుందో!

ఆ రోజు పాటలు రికార్డు చేసిన సీడీ ఒకటి బీరువాలో ఉంది. దాన్ని వినిపించి తీరాలని పట్టుబట్టి సెకండ్‌హ్యాండ్‌లో ప్లేయర్ కొన్నాను. తెచ్చాక చూస్తే సీడీ తిరుగుతోంది గానీ, సీడీలో అంకెలుగా దాగిన పాటను మళ్లీ పాటగా మార్చే భాగం పోయింది. సరే, ఆ పని చేసే డాక్ అనే చిన్న పెట్టె విడిగా తెచ్చి, ఇంట్లో ఉన్న స్పీకర్‌కు తగిలించాను. ప్లేయర్‌నూ డాక్‌నూ కలపడానికి వెనక రెండు రంధ్రాలు: ఒకటి రాగి తీగకు, ఇంకొకటి వెలుగును మోసే ఆప్టికల్ తీగకు. డాక్ అమ్మిన అడాజన్ పేట దుకాణాయన రాగిని మించింది లేదన్నాడు. ఆయన నోట్లో మన్ను పడ! పాటతో పాటు గుయ్యిమని ఒకటే రొద. ఆఖరి పాటకు వచ్చేసరికి అమ్మ గొంతు అలసిపోయింది, మాటలన్నీ ఆ రొదలో మునిగిపోయాయి.

కింద మగ్గాల మోతే అనుకున్నాను. మగ్గాలకు సెలవు రోజు మళ్లీ పెట్టాను. సందంతా నిశ్శబ్దం, స్పీకర్‌లో మాత్రం గుయ్యి! అప్పుడు తట్టింది. రాగి తీగ పాటను ఒక్కదాన్నే తేవడం లేదు, రెండు పెట్టెల మధ్య కరెంటు రొదను కూడా మోసుకొస్తోంది. వెలుగు తీగలో కరెంటు పారదు కదా! ఆ పూటే ఆప్టికల్ తెచ్చి బిగించాను.

ఈసారి రొద లేదు. పాటా లేదు!

“ఇదేం దరిద్రంరా నాయనా!” అని ప్లేయర్ మీద ఒక్కటి చరిచాను. మా ఆవిడ వచ్చి, డాక్ వైపు కొసను ఊడదీసి అరచేతికి ఆనించింది. ఎర్ర చుక్క గుడ్డిగా మినుకుమంది.

“ఏంది గిది? గిట్ల కట్టినవేంది?” అంది.

చూద్దును కదా, తీగ పొడవు ఎక్కువైందని మడతలు మడతలుగా మడిచి, నూలుపోగుతో బిగించి ముడేసి పెట్టాను. మగ్గం దగ్గర పెరిగిన చెయ్యి, ఏది వేలాడినా ముడి వెయ్యందే ఊరుకోదు. పాపం, అంత మడతలో వెలుగు ఎలా పోతుంది?

ఆమె పళ్లతో పోగు కొరికేసింది. తీగ విచ్చుకుంది. అరచేతిలో చుక్క భగ్గుమని వెలిగింది.

కొస మళ్లీ పెట్టి ఆఖరి పాట వేశాను. అమ్మ గొంతు ఎదురుగా కూర్చుని పాడినంత స్పష్టంగా వచ్చింది. ఒక్కో ఇల్లూ దాటి మా ఇంటికొచ్చింది.

“నోరేమొ మిరపకారం ఉయ్యాలో, మనసేమొ మీగడపాలు ఉయ్యాలో, ఇల్లంత ఇగ దానిదే ఉయ్యాలో.”

గొల్లున నవ్వులు. ఆ నవ్వుల మీద అమ్మ కేక: “దానికి చెప్పకుండ్రే, నెత్తికెక్కి కూసుంటది!”

మా ఆవిడ నవ్విందో ఏడ్చిందో నాకే తెలియలేదు. “ముసల్దానా!” అని స్పీకర్‌ను కసిరి, “మల్లొక్కసారి పెట్టు,” అంది. నేను గెలిచానని సందంతా వినపడేలా ఈల వేశాను.

ఈ ఏడు బతుకమ్మకు పాట ఎత్తుకున్నది మా ఆవిడే. ఆ చరణం వచ్చేసరికి చీర కొంగు నడుముకు దోపి, మాట దాచిన ఆడవాళ్లందరి వైపూ తిరిగి మరీ పాడింది. ఇల్లంత ఇగ దానిదేనని సందు సందంతా అందుకుంది.