కవరు తీయని హెల్మెట్టు

నరసరావుపేటలో మాకు ఇండోర్ హాకీ నేర్పిన డ్రిల్లు మాస్టారు ఏ కొత్త వస్తువుకూ ప్లాస్టిక్ కవరు తీయనిచ్చేవాడు కాదు. కర్రలు కవర్లతోనే పట్టుకొని ఆడేవాళ్లం. గోల్‌కీపరు హెల్మెట్టయితే బీరువా దాటేదే కాదు. రూల్సు మాత్రం దంచేవాడు. "బంతిని కొట్టగూడదు, తొయ్యాల. గాల్లోకి లేపితే గోలు కొట్టేటప్పుడే లేపాల!"

అలా లేపిన బంతే ఒకరోజు గోల్‌లో నిలబడ్డ నా స్నేహితురాలి పెదవి చీల్చింది. హెల్మెట్టు అడిగితే, "ఈ సామానిచ్చిన నాయకుడుగారు ఫొటోకి వచ్చేదాకా దాని కవరు నలగగూడదు. పోయి నోరు కడుక్కొని రా" అన్నాడా మహానుభావుడు.

నాయకుడొచ్చిన రోజు మాస్టారు ఆ హెల్మెట్టును కవరుతోనే తన నెత్తిన పెట్టుకొని ఫొటోకి ఆయన పక్కన నిలబడ్డాడు. వెనక వరసలో ఉన్న నా స్నేహితురాలి వైపు తిరిగి గద్దించాడు.

"ఏమే, ఆ కుట్లు కనపడకుండా నవ్వు!"