సవిత గొంతు మీద మేక అరుపు

సవిత ఎన్నడూ ఎవరినీ నవ్వించాలని మాట్లాడలేదు. ఈ ముక్క ముందే చెప్పాలి. ఎందుకంటే ఆమె పేరు వినగానే పళ్లికిలించేవాళ్లు బోధన్‌లో ఇప్పటికీ ఉన్నారు.

రెంజల్ దగ్గరి పల్లె ఆమెది. తల్లి రాధాబాయి, సవిత పిలుపులో ‘అవ్వ’, బోధన్ మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లతో మరాఠీలో, మిగతావాళ్లతో తెలుగులో, కోపమొస్తే ఉర్దూలో బేరం చేస్తుంది. డిగ్రీ అయ్యాక సవిత బోధన్‌లోనే రామ్‌దాస్ అనే ఆయన రికార్డింగ్ దుకాణంలో చేరింది. ఊళ్లు తిరిగే ప్రచార ఆటోల మైకుల్లో వినిపించే మాటలు అక్కడ తయారవుతాయి. “సువర్ణావకాశం, త్వరపడండి, నేడే విచ్చేయండి” అని అచ్చు పుస్తకంలో ఉన్నట్టు, ఎక్కడా తడబడకుండా చెప్పేది. ఆ భాష ఆమెకు కూటి భాష.

ఆట సంగతి వేరు. ఫోన్లో ఆడే ఆ ఆటలో ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఒక్కొక్కరు ఒక్కో వీరుణ్ని ఎంచుకుంటారు. మూడు దారుల్లో పోరాడుతూ, దారిలో ఉన్న బురుజులు పడగొట్టుకుంటూ పోయి, చివరికి అవతలివాళ్ల కోట కూల్చాలి. కాలేజీ రోజుల్లో సవిత కూడా ఆడింది. కానీ ఆడటం కన్నా, ఆడేవాళ్ల వెనక నిలబడి చెప్పడంలోనే ఆమెకు పట్టు. ఎవడు ఏ పొదలో నక్కాడో, ఎవడి ప్రాణం అంచుకు వచ్చిందో అందరికంటే ముందు ఆమె కంటికి దొరికేది. కన్ను పట్టింది నోరు చెప్పేయాలి. మధ్యలో పుస్తకం భాషకు చోటెక్కడ?

“పొదల దాసుకున్నడు సూడు... అగో, గుంజిండు! గుంజి నడుమల ఏసిండు! ముగ్గురు మీద వడ్డరు, ఇగ ఏడికి ఉరుకుతడు?”

ఇలా చెప్పిన వీడియోలు యూట్యూబ్‌లో పెడితే ఆట తెలిసినవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ రాష్ట్రం మొత్తానికి టోర్నమెంట్ పెడుతూ, కామెంటరీ చెప్పమని ఆమెను పిలిచింది. పిలిచినవాడు వేణు. కార్యక్రమమంతా అతని చేతి మీద నడుస్తుంది. “సవిత గారూ, మీ గొంతులో ఒక ప్రత్యేకత ఉందండీ” అన్నాడు. ఆమె పొంగిపోయింది. మొదటి రౌండ్ల నుంచి సెమీఫైనల్ దాకా ఇంట్లోనే కూర్చుని చెప్పింది. ఫైనల్ మాత్రం నిజామాబాద్‌లో, జనం ముందు. నిజామాబాద్ జట్టు ఇందూరు ఫైవ్ ఫైనల్‌కు చేరింది కూడా.

ఆ మధ్యలో ఒకరోజు మార్కెట్లో, వంకాయలు ఏరుతున్న ఒకడు తన ఫోన్ తీసి రాధాబాయి ముఖం ముందు పెట్టాడు.

“నీ బిడ్డేనా? మస్తు కామెడీ చేస్తది పో!”

తెర మీద సవిత. “ఇగ ఏడికి ఉరుకుతడు” అనగానే మేక అరిచింది. వెనక ఎవరో పగలబడి నవ్వారు. సవిత తల మీద గాడిద చెవులు మొలిచాయి. చుట్టుపక్కల గంపలవాళ్లు కూడా వచ్చి చూసి నవ్వారు. రాధాబాయి వాడికి వంకాయలు అమ్మలేదు.

ఇంటికొచ్చి అడిగింది. “ఏమన్నవే బిడ్డా, అండ్ల నవ్వేతందుకు?”

సవిత వెతికి చూసింది. ఒకటి కాదు. ఆమె నోరు తెరిచిన ప్రతిచోటా ఒక ముక్క కోసి, మేకనో గాడిదనో తగిలించారు. పెట్టింది ఎవడో ఆకతాయి కాదు, ఆమెను పిలిచిన కంపెనీయే. ఆట ఎక్కడా లేదు. ఎవడు ఎలా గెలిచాడో లేదు. మిగిలింది ఆమె యాస ఒక్కటే. అది చాలట, నవ్వడానికి.

వెంటనే వేణుకు ఫోన్ చేసింది.

“పాజిటివ్‌గా తీసుకోండి సవిత గారూ. జనం మిమ్మల్ని ప్రేమిస్తున్నారు. లక్షల మంది చూస్తున్నారు.”

“నేనేమన్న జోకు చెప్పిన్నా?”

“జోకని కాదండీ... ఆ మాటతీరే సరదాగా ఉంటుంది కదా.”

“ఆట చెప్పిన నేను. గది ఒక్కలన్న విన్నరా మీరు?”

తీసేయిస్తానన్నాడు. తీయించలేదు. అయినా ఆమె ఫైనల్‌కు వెళ్లింది. సొంత జిల్లా జట్టు ఆడుతుంటే ఇంకొకరు చెప్పడం ఆమె ఓర్చుకోలేదు.

నిజామాబాద్ ఫంక్షన్ హాల్లో, పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే గదిలో కూర్చోబెట్టి, ఆమె చేతికి ఒక సంచి ఇచ్చారు. అందులో ముతక చీర, రూపాయి బిళ్లంత బొట్టు ఉన్నాయి. పక్కన ఒక గంప. పల్లెటూరి అవ్వ వేషంలో, గంప చంకన పెట్టుకుని స్టేజీ ఎక్కాలట.

సవిత గంపను కాలితో నెట్టింది. “మా అవ్వ పొద్దుగాల లేస్తే ఎత్తేది గీ గంపనే. మీకు ఆటలెక్క కనవడ్డదా?”

“సరే, మీ బట్టల్లోనే రండి” అన్నాడు వేణు, గడియారం చూసుకుంటూ. “కానీ అప్పుడు మంచి తెలుగులో చెప్పాలి. వేషం లేకుండా ఈ యాస అంటే జనానికి అర్థం కాదు.”

సవిత లేచి నిలబడింది. ఆటోల్లో ఊరూరా తిరిగే ఆ గొంతుతో అంది.

“వేణు గారూ, తమరు కోరిన మంచి తెలుగు నాకు క్షుణ్ణంగా వచ్చు. ప్రతిదినం అదే నా ఉద్యోగం. ఈ ఆటను మాత్రం ఆ భాషలో చెప్పను గాక చెప్పను. దయచేసి గమనించగలరు.”

అంతలో వేణు ఫోన్ మోగింది. గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

“ఆ అవ్వా... తిన్న. నువ్వు తిన్నవా? పసుపు ఉడకవెట్టుడు అయిపోయిందా? పనిల ఉన్న, మల్ల చేస్త.”

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి సవిత కళ్లార్పకుండా చూస్తోంది.

“ఏ ఊరు నీది?”

“ఏర్గట్ల” అన్నాడు. అదీ ఈ జిల్లాలోదే. మళ్లీ తనే అన్నాడు. “హైదరాబాద్‌కు పోయిన కొత్తల నన్ను సూసి కూడ గిట్లనే నవ్విండ్రు సవితా. ఆఫీసుల ఎవ్వలు నా అసలు పేరుతోని పిలువలే. మార్చుకున్న. ఏం జెయ్యాలె మరి?”

అతని మీద జాలి కలగాల్సిందేమో. సవితకు కలగలేదు. ఇది రాస్తున్న నాకూ కలగడం లేదు.

“తెల్వనోడు నవ్వితే తెల్వక నవ్విండనుకుంట. అదెంత మండుతదో నీకు ఎరుక. ఎరుకుండి నన్ను పట్టుకచ్చి వాళ్ల ముంగట నిలవెట్టినవ్. నీతోని నాకు మాటల్లేవ్.”

ఆమె వెళ్లి జనంలో కూర్చుంది. స్టేజీ మీద ఇంకెవరో కోటు వేసుకుని, “ఇప్పుడు మనం ఒక అద్భుతమైన దాడిని వీక్షిస్తున్నాం” అనేసరికి ఆ దాడి అయిపోయి, చచ్చినవాళ్లు మళ్లీ బతికి వస్తున్నారు. సవిత పళ్లు బిగబట్టి చూసింది.

రెండో ఆట తర్వాత విరామంలో, ఇందూరు జట్టు పిల్లలు ఆడుతూ తమలో తాము అరుచుకున్న మాటలు పెద్ద స్పీకర్లలో వినిపించారు. “అరే గుంజురా! నేను సస్తున్న, నువ్వు ఉరుకు!” వెంటనే మేక అరిచింది.

హాలంతా నవ్వింది. నిజామాబాద్ హాలే. ఆర్మూర్ నుంచి, బోధన్ నుంచి, పోచంపాడ్ నుంచి వచ్చిన జనమే. తమ జట్టు, తమ మాట, తమ నవ్వు.

సవిత కుర్చీ మీదికెక్కింది. చేతిలో మైకు లేదు.

“ఏం నవ్వొచ్చిందిరా మీకు? ఇంట్ల మీ అవ్వ ఎట్ల మాట్లాడ్తది? పోయి ఆమె ముంగట అరిపియ్యుండ్రి మేకను! ఆ పిలగాండ్లు మీ కోసం ఆడుతున్నరు. సిగ్గు లేదా?”

ముందు వరసల్లో నవ్వు ఆగింది. వెనక కొందరు ఇంకా గట్టిగా నవ్వారు, ఈలలు వేశారు. చాలామంది ఫోన్లు పైకెత్తారు. గార్డులు ఇద్దరు వచ్చి ఆమెను బయటికి తీసుకుపోయారు. ఇందూరు గెలిచిందని బస్టాండుకు పోయే ఆటోలో, ఎవరో మాట్లాడుకుంటుంటే ఆమెకు తెలిసింది.

మర్నాడు ఆ జట్టు కెప్టెన్ అరుణ్ ఫోన్ చేశాడు. “అక్కా, విరామంల గూడ చెవులకు హెడ్‌ఫోన్లు ఉండె. మాకేం ఇనపడలే. ఇంటికచ్చినంక వీడియోల సూసినం. ఇగ ఆ కంపెనీ ఆటలకు మేము పోం. మా ఆటలు నువ్వు చెప్తవా?”

ఆ వారంలోనే కంపెనీ నుంచి మరొకరు కూడా ఫోన్ చేశారు. కుర్చీ మీద నిలబడి సవిత అరిచిన వీడియో మిగతా అన్నిటికంటే ఎక్కువమంది చూశారట. ఆమెతో కొత్త కార్యక్రమం అనుకుంటున్నారట. ప్రతి వారం ఒకరి మీద ఆమె కోపగించుకోవాలి. పేరు కూడా పెట్టేశారు, ‘కోపాల అక్క’.

సవిత అంతా విన్నది. “నా కోపం గూడ అమ్ముకుంటరా?” అని అడిగింది. అవతలి మనిషి మళ్లీ లక్షల లెక్క ఎత్తుకోగానే ఫోన్ కట్ చేసి, ఆ నంబరు మళ్లీ మోగకుండా చేసింది.

ఇప్పుడు ఆదివారాలు మధ్యాహ్నం తన సొంత ఛానెల్లో ఇందూరు జట్టు ఆటలు చెబుతోంది. చూసేది కొన్ని వందల మందే. గుంటూరు నుంచి చూసే ఒకాయన, గుంజడం అంటే లాగడమా అని అడిగితే అవునంది. చాట్‌లో మేక బొమ్మ పెట్టినవాణ్ని మాత్రం అక్కడికక్కడే బయటికి నెట్టేస్తుంది.

మొన్న రాధాబాయి అడిగింది. “ఇంక కోపం తగ్గలేదా బిడ్డా?”

“తగ్గలే అవ్వా” అంది సవిత. “ఆట మొదలైతున్నది, తలుపు దగ్గరికి వెయ్.”