మూడో సంతకం

ఈ ఉదయం రిజిస్ట్రారు ఆఫీసులో మా అత్తగారి స్థలం కాగితాలకు సాక్షిగా వేలిముద్ర వేసి వచ్చాను. స్టాంపు ప్యాడులోని ఊదారంగు సిరా బొటనవేలి గీతల్లో ఇంకిపోయి సబ్బుకు లొంగలేదు. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే, వేలు ముక్కు దగ్గరకు రాగానే అదే ఘాటైన వాసన. అన్నం మానేసి సుభద్ర మేడమ్ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. రాజమండ్రి కోర్టులో ముప్పై ఏళ్లు క్రిమినల్ కేసులు వాదించిన మనిషి. నేను ఆరేళ్లు ఆవిడ దగ్గర జూనియర్ని. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఆవిడంటే నాకు ఎంత గౌరవమో అంత కోపం కూడా ఉంది. కోపం ఎందుకంటే, ఒక్క సంగతి నాకు తేల్చి చెప్పకుండానే వెళ్లిపోయారు.

మిగతా వకీళ్లు ముట్టని కేసులన్నీ ఆవిడ దగ్గరకే వచ్చేవి. పెరోల్ మీద ఇంటికొచ్చి గడువుకు తిరిగి జైలుకు వెళ్లనివాళ్లు, సత్ప్రవర్తన పూచీ మీద కోర్టు వదిలిపెడితే షరతు తప్పినవాళ్లు. "ఒకసారి దయ చూపించాక మళ్లీ ఎవరు చూపిస్తారండీ?" అని బార్ రూములో నవ్వేవారు. ఆవిడ పట్టించుకునేవారు కాదు. కొత్తగా వచ్చినవాడికి మాత్రం ముందే చెప్పేవారు: "నాకు నిజం చెప్పు. అబద్ధమని తర్వాత తెలిస్తే ఫైలు నీ చేతిలో పెట్టి పంపించేస్తాను." ఒకరిద్దరిని అలా పంపించేయడం కళ్లారా చూశాను.

వీర్రాజు మండపేటలో ఒక రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. లోడింగు దగ్గర మాటా మాటా పెరిగి ఓ లారీ డ్రైవరు చెయ్యి విరగ్గొట్టాడు. మొదటి తప్పు కాబట్టి కోర్టు జైలుకు పంపకుండా, ఏడాది పాటు బుద్ధిగా ఉంటానని పూచీ రాయించుకుని వదిలింది. రెండు వారాలకోసారి, సోమవారం నాడు, ప్రొబేషన్ ఆఫీసుకు స్వయంగా వచ్చి రిజిస్టరులో వేలిముద్ర వేయాలి. తప్పితే పాత నేరానికి శిక్ష వేసి లోపలికి పంపవచ్చు. వేసిన ప్రతిసారీ మా ఆఫీసుకు వచ్చి గుమ్మం పక్కన నిలబడేవాడు. ఒకరోజు వేలు లుంగీకి తుడుచుకుంటూ, "మా పాప ప్రోగ్రెస్ కార్డు మీద కూడా ఇదేనండి మేడంగారూ. బళ్లో దానికి నామోషీగా ఉందంటండి," అన్నాడు.

మేడమ్ కళ్లజోడు పైనుంచి చూశారు. "నీ పేరుకి ఎన్ని అక్షరాలో తెలుసా?"

"తెలీదండి."

"మూడు. బస్తాలు మోసేవాడివి, మూడక్షరాలు మోయలేవా? కూర్చో."

"ఆయ్, అలాగేనండి," అని నేల మీద కూర్చోబోతే కసిరి కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పటి నుంచి పాత కేసుల జాబితా కాగితాల వెనక వైపు దగ్గరుండి పేరు దిద్దించారు. వీర్రాజు కలం పట్టుకుంటే గునపం పట్టుకున్నట్టుండేది. 'జు' కొమ్ము దగ్గర చెయ్యి ఆగిపోయేది. అక్కడ ప్రతిసారీ ఓ సిరా చుక్క పడేది. "కొమ్ము దగ్గర భయమెందుకురా, అదేం పొడవదు," అనేవారావిడ. మూడు నెలలకు రిజిస్టరులో వేలిముద్రల కింద సంతకం చేరింది. ఆ రోజు వీర్రాజు దారిలో దిగి తాపేశ్వరం కాజాలు తెచ్చాడు. షుగరున్నా మేడమ్ రెండు తిన్నారు.

ఆ సంబరం రెండు నెలలు నిలిచింది. ప్రొబేషన్ ఆఫీసుకు కొత్తగా వచ్చిన అధికారి రిజిస్టరు తిరగేసి, వీర్రాజు పేరున నాలుగు సంతకాలు నాలుగు రకాలుగా ఉన్నాయని, తను రాకుండా ఎవరిచేతో పెట్టిస్తున్నాడని కోర్టుకు రిపోర్టు రాశాడు. నాకు దారి తేలిగ్గానే కనిపించింది. షరతు తప్పడం మొదటిసారి అయితే చిన్న జరిమానాతో సరిపెట్టే వీలు చట్టంలోనే ఉంది. తప్పు ఒప్పుకుంటూ పిటిషన్ రాసి తీసుకెళ్లాను.

"వచ్చినవాడి చేత రాలేదని ఎందుకు చెప్పిస్తావమ్మాయ్?"

"జడ్జిగారు నమ్మకపోతే జైలే కదండీ మేడమ్. పాప గతేంటి?"

"సంతకం నేర్చుకుంటే దొంగవుతారని ఆ పిల్లకి చెప్పమంటావా?" అని నా పిటిషన్ రెండు ముక్కలు చేశారు. నాకు ఒళ్లు మండింది. పంతం ఆవిడది, జైలుకు వెళ్లేది వీర్రాజు.

విచారణ రోజున అతనిచేత కోర్టులోనే సంతకం పెట్టించమని అడిగారు. వీర్రాజు చెమటలు కక్కుతూ మూడుసార్లు పెట్టాడు. ఒకదానికీ ఒకదానికీ పోలిక లేదు. జడ్జిగారు నవ్వాపుకున్నారు. అప్పుడు మేడమ్ రిజిస్టరు అందుకుని జడ్జిగారి బెంచి దగ్గరకు వెళ్లి తెరిచి పట్టుకున్నారు. "కొత్తగా నడక నేర్చినవాడి అడుగులు ఒక్కలా పడవు కదండీ," అన్నారు. జడ్జిగారు రిపోర్టు కొట్టేశారు.

బయట టీకొట్టు దగ్గర వీర్రాజు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. మేడమ్ ఇంకో కోర్టులో ఉన్నారు. అటూ ఇటూ చూసి, "అమ్మా, మూడోది నాది కాదండి," అన్నాడు.

"ఏంటి?"

"ఆ సోమవారం పాపకి జొరం ఎక్కువై ఆసుపత్రిలో ఉండిపోయానండి. మా బావమరిదిని పంపానండి. నాలాగే వంకరటింకరగా పెట్టొచ్చాడండి."

"మేడమ్‌కి ఎందుకు చెప్పలేదు?"

"ఫైలు ఇచ్చేత్తారని భయమేసిందండి."

ఫైలులో ఉన్న రిజిస్టరు పేజీ నకలు తీసి చూశాను. మూడో సంతకమూ వంకరే, కానీ 'జు' దగ్గర చుక్క లేదు. నాకే కనిపించిన తేడా, మూడు నెలలు దగ్గరుండి దిద్దించిన మనిషికి కనిపించదా? అప్పుడు గుర్తొచ్చింది. బెంచి దగ్గర రిజిస్టరు పట్టుకున్నప్పుడు ఆవిడ బొటనవేలు మూడో సంతకం మీదే ఉంది. నిజమే, ఆ రిజిస్టరు కుట్టు బిగువు, అదిమిపట్టకపోతే పేజీ నిలవదు. ఎవరు పట్టుకున్నా వేలు ఎక్కడో ఒకచోట పడాలి కదా. ఆ మాటతో నాకు నేనే ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో.

సాయంత్రం ఆవిడకు అంతా చెప్పి, "మీకు ముందే తెలుసా మేడమ్?" అని అడిగేశాను. ఆవిడ ఫైలుకు తాడు కడుతున్నారు. ముడి వేయడం పూర్తయ్యాక, "ఇంతకీ ఆ పిల్లకి జ్వరం తగ్గిందా?" అన్నారు.

తర్వాతి సోమవారం వీర్రాజుతో పాటు ఆవిడ కూడా ప్రొబేషన్ ఆఫీసుకు వెళ్లారు. పూచీ గడువు తీరేదాకా, మోకాళ్ల నొప్పులతో, ఏ ఒక్క వాయిదా తప్పకుండా వెళ్లి, అతను సంతకం పెట్టేవరకూ అక్కడి బల్ల మీద కూర్చునేవారు. ఎందుకండీ అంటే, "అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుందమ్మాయ్," అనేవారు. అతనికి కాపలానా? తనకు తాను వేసుకున్న శిక్షా? నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్లే ఆవిడను మరిచిపోలేకపోతున్నానేమో.

ఈ మధ్యాహ్నం, చేయి కడుక్కుని ఫైళ్ల ముందు కూర్చోగానే ఒకావిడ వచ్చింది. పూచీ మీద బయట ఉన్న నా క్లయింటు. రెండు సంతకాలు తేడాగా ఉన్నాయని ఆమెకూ నోటీసు వచ్చింది. "మేడంగారూ, మీకో మాట చెప్పాలండి," అని గొంతు తగ్గించింది. తలవంచి చూస్తే, విప్పిన ఫైలును ఊదారంగు పోని నా బొటనవేలు అదిమిపట్టి ఉంది. దాని కింద ఏముందో చూసుకోలేదు, వేలూ తీయలేదు. చెప్పమనలేదు, వద్దనీ అనలేదు.

"సోమవారం ఎన్నింటికి వెళ్లాలి? నేనూ వస్తాను," అన్నాను.