అడుగుకాయ చూసే ఓబుళేసు మామ

లోకంలో ఎవరైనా చెడిపోయిన వస్తువును రిపేరుకిస్తారు. మా ఓబుళేసు మామ బాగున్న వస్తువును రిపేరుకిస్తాడు. అదొక్కటే ఆయన జబ్బు. దానికి మందు లేదు. ఉన్నా, ఆ మందిచ్చే డాక్టరు దగ్గరికి ముందు జబ్బు లేకుండా ఒకసారి వెళ్ళొస్తాడు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. కళ్యాణదుర్గంలో ఒక నూనె మిల్లుకు వేరుశనగ కాయలు చూసి కొనిపెట్టే పని ముప్పై ఏళ్ళు చేశాడు. సంచి మూతి విప్పితే పైన ఉన్న కాయ వంక కన్నెత్తి చూసేవాడు కాదు. చెయ్యి చంక దాకా లోపలికి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీసి, చెవి దగ్గర ఆడించి, ఒలిచి, నోట్లో వేసుకుని, ఆ తర్వాతే ధర మాట్లాడేవాడు. "పైకాయ మెరుస్తాదప్పా. నిజం చెప్పేది అడుగుకాయే" అనేవాడు. మిల్లు మూతపడి ఆ పని పోయింది గానీ ఆ బుద్ధి పోలేదు. కాయలు లేకపోయేసరికి మనుషుల్ని ఆడించి చూడటం మొదలుపెట్టాడు.

బస్టాండు దగ్గర తిప్పేష్ అనే అతను గడియారాల కొట్టు పెట్టిన కొత్తలో మామ తన చేతి గడియారం తీసుకెళ్ళాడు. పొద్దున్నే రేడియోలో వార్తల వేళకు సరిచూసుకున్న గడియారం అది.

"నడమ నడమ నిలిచిపోతాండాది. ఏం పోయిందో చూడప్పా."

తిప్పేష్ కంటికి అద్దం బిగించుకుని పావుగంట చూశాడు. "ఏమీ పోలేదన్నా. బాగుండాది. తీసుకపో."

"ఏమీ పోలేదా? స్ప్రింగు గూడానా?"

"నా పానం తీయొద్దన్నా. బాగుండాదంటే బాగుండాది!"

మామ మొహం చాటంత అయింది. పని చెయ్యననే వాడిని చూసి ఈయన ఎందుకింత మురిసిపోతున్నాడో తిప్పేష్‌కు అర్థం కాలేదు. ఆ రోజు నుంచి మామ మాట మీద ఊళ్ళో సగం గడియారాలు తిప్పేష్ కొట్టుకే వచ్చాయి. అదే వీధిలో పళ్ళ డాక్టరొకాయన మామ నోట్లోకి టార్చి వేసి, రెండు పళ్ళు వెంటనే పీకాలన్నాడు. మామ ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుకుంటూ వచ్చేశాడు. ఆ పళ్ళతోనే ఇప్పటికీ చెరకు నములుతున్నాడు.

అన్నిటికన్నా మేం అదిరిపోయింది జాతకం దగ్గర. ఒక జ్యోతిష్కుడు ఊళ్ళోకి కొత్తగా దిగితే, మామ తన నక్షత్రమూ పాదమూ చెప్పి, "పిల్లోనికి పెండ్లి యోగముండాదా స్వామీ?" అని అడిగాడు. ఆయన వేళ్ళు లెక్కపెట్టి, వచ్చే మాఘమాసంలో ఖాయమన్నాడు. మామకు అప్పటికి ఇద్దరు మనవలు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే రామాంజినమ్మత్త పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "పిల్ల ఏ ఊరిదో గూడా కనుక్కోని రాకపోయినావా? నాకు రొంత పని తగ్గుతాండె" అంది.

ఇంతవరకు ఇతరుల సొమ్ము కాబట్టి నేనూ నవ్వాను. రెండు వేల ఆరులో నా వంతు వచ్చింది.

ఊళ్ళో అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాక నా ఎస్టీడీ బూత్‌లో ఈగలు తోలుకునే పని మిగిలింది. బూత్ అమ్మేసి, ఉన్నదంతా ఊడ్చి పాత వ్యాను ఒకటి కొన్నాను. బాడుగలకు తిప్పుకుని బతకాలని ఆశ. వారం తిరక్కుండానే గోరంట్లకు పెళ్ళి బాడుగ కుదిరింది. మొదటి బేరం. కానీ బండికి టెంకాయ కొట్టిన మర్నాటి నుంచే వ్యాను వెనక గలగల మొదలైంది.

ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా పై ప్రాణాలు పైనే పోయేవి. బండి ఆగితే మా ఇంట్లో పొయ్యి ఆగుతుంది. చివరికి వ్యానేసుకుని మామ దగ్గరికి పరుగెత్తాను.

"మామా, అనంతపురంలో షోరూముకు తీసుకుపోతా. ఇక్కడ పిచ్చి పిచ్చి చేతుల్లో పెట్టను."

"వాళ్ళు మంచోళ్ళని ఎట్లా తెలుసప్పా?"

"కంపెనీ వాళ్ళు మామా. అద్దాల తలుపులు, ఏసీ. కంప్యూటరు బిల్లిస్తారు."

"కంప్యూటరుకు అబద్ధాలు రావు, నిజమే. దాన్ని కొట్టేది మనిషే కదా? బండి బాగున్నప్పుడే ఒకతూరి తీసుకపోయి చూపించింటే తెలుస్తాండె."

"ఇప్పుడు బాగలేదు కదా మామా! విను ఆ చప్పుడు!"

నేను వ్యానును వాకిట్లో నాలుగడుగులు తోలితే, మామ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. "శానా బాగా వినపడతాండాది" అని, చొక్కా వేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

షోరూంలోకి అడుగుపెడితే నేల పాలలా మెరుస్తోంది. నేను చెప్పులు బయట విడిచాను. టై కట్టుకున్న సర్వీసు సారు మాకు కాఫీ ఇప్పించి, బండి ఎక్కి ఆవరణలో ఒక చుట్టు తిప్పి, లోపలికే తెచ్చి ఆ నేల మీద నిలబెట్టాడు. దిగేటప్పుడు ఆయన మొహం చూసి ఆస్పత్రిలో పెద్దాపరేషన్ ముందు డాక్టరును చూసినట్టు భయపడ్డాను.

"గేర్‌బాక్స్ పోయింది సార్. కిందికి దించాలి. ఎనిమిది రోజులు పడుతుంది. పద్దెనిమిది వేలవుతుంది. ఇలాగే తోలితే రోడ్డు మధ్యలో ఆగిపోతుంది, తర్వాత మమ్మల్ని అనొద్దు."

బాడుగకు ఇంక మూడు రోజులే ఉంది. బూత్ అమ్మిన డబ్బులో మిగిలింది పెట్రోలుకే సరిపోదు. మామ వంక చూశాను. ఆయన తీరిగ్గా కాఫీ ఊదుకుంటున్నాడు.

అప్పుడు బండి వెనక నుంచి, నూనె మరకల ఖాకీ చొక్కాలో ఉన్న మెకానిక్కు ఒకడు ముందుకొచ్చాడు. పేరు నరసింహులు. శింగనమల వైపు మనిషి.

"సార్, గేరుబాక్సు కాదు సార్. మెల్లగా పోతే గలగలమంటాది, జోరుగా పోతే నిలిచిపోతాది. యెనక చక్రంలో ఏదో ఉండాది. రొంత మూత తీసి చూస్తే..."

"నిన్నెవరడిగారు నరసింహులూ? వెళ్ళి నీ పని చూసుకో!"

మామ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. లేచి, పంచె ఎగ్గట్టి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. స్క్రూడ్రైవరు ఇంటి నుంచే తెచ్చుకున్నాడని అప్పుడు తెలిసింది నాకు. వెనక చక్రం పక్కన కూర్చుని స్టీలు మూతను ఒక్క పట్టు పట్టాడు. అది ఊడి ఠంగుమంది. దాంట్లోంచి వేరుశనగ కాయలు టపటపా రాలి ఆ పాల నేల మీద నలుదిక్కులా దొర్లాయి.

మామ ఒక్కొక్క కాయా ఏరుకుంటూ లెక్కపెట్టాడు. "పదకొండు. ఏసింది పదకొండే, సరిపోయినాయి." ఒకటి ఒలిచి సర్వీసు సారు చేతిలో పెట్టాడు. "తినండి సార్. మీ గేరుబాక్సు ఇదే."

సర్వీసు సారు తెల్లమొహం వేశాడు. అంతకన్నా తెల్లగా ఉన్న మొహం నాదే.

"మామా! ఎప్పుడు పెట్టినావు ఇవి?"

"బండికి నువ్వు టెంకాయ కొట్టిన దినమే. నువ్వు ఇంట్లో పాయసం తాగుతాంటివి."

"ఇన్ని రోజులూ నాకు కూడు సయించలేదు మామా!"

"కూడు పోతే మళ్ళా తినొచ్చు. బండి పోలేదు కదప్పా!" అని, వెళ్తూ వెళ్తూ నరసింహులు వైపు వేలు చూపించాడు. "ఇంత పెద్ద సంచిలో గట్టి అడుగుకాయ వీడొక్కడే."

గోరంట్ల బాడుగ చప్పుడు లేకుండా జరిగిపోయింది. ఈ కథను నేను ఊరంతా చెప్పుకుని తిరిగాను. చెప్పిన ప్రతిసారీ కాయల లెక్క పెరిగింది. కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

నెల తర్వాత చూస్తే మూతపడ్డ నూనె మిల్లు పక్కన, రేకుల షెడ్డులో నరసింహులు. నేను బ్రేకు మీద కాలు పెట్టి అట్లాగే ఉండిపోయాను.

"ఇక్కడున్నావేంది? షోరూములో ఉద్యోగం?"

"ఆ దినమే పోయిందన్నా. లోపలి మాట బయట చెప్పినానంట" అని, అదేదో వేరే వాళ్ళకు జరిగినట్టు నవ్వాడు.

పదకొండు కాయలకు మేం నవ్వుకున్నాం. ఆ కాయలు ఇంకొకరి ఇంటి పొయ్యి ఆర్పాయని నాకు తట్టనే లేదు. ఇకపైన నా వ్యాను అతనికే అని అక్కడే మాటిచ్చాను.

కానీ ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ వేసిన చేలు వేసినట్టే ఎండిపోయాయి. జనం బండ్లు బయటికి తియ్యడమే మానుకున్నారు, ఇక రిపేర్లెక్కడివి? నరసింహులు షెడ్డులో రోజంతా పానాలు, స్క్రూడ్రైవర్లు తుడుచుకుంటూ కూర్చునేవాడు. అటువంటి రోజుల్లో ఒక్క మామ ఇంట్లోనే వస్తువులు వరసగా చెడిపోవడం మొదలైంది.

ముప్పై ఏళ్ళు ఒకే గొడుగు వాడిన మనిషి ఆయన. ఆయన మోపెడ్ లైటు అద్దం పగిలింది. వేయించాడు. మళ్ళీ పగిలింది. హారను మూగబోయింది. అత్త కుట్టుమిషను పట్టేసింది. మిక్సీ కాలిపోయింది. అన్నీ నరసింహులు దగ్గరికే వెళ్ళాయి, బాగుపడి వచ్చాయి, మళ్ళీ పాడయ్యాయి. బండ్ల మెకానిక్కుకు మిక్సీ ఏమిటని అడిగితే, "మోటారు మోటారే కదప్పా" అనేవాడు మామ.

నాకు అనుమానం వచ్చింది. నోరు మంచిదైనంత మాత్రాన చెయ్యి మంచిది కావాలని లేదు కదా? ఒకరోజు మామతో అనేశాను.

"మామా, నరసింహులు మంచోడే. పనితనం లేదు. అతను ముట్టిందల్లా పదిరోజులకే మళ్ళీ పోతోంది. నేను నా వ్యాను అనంతపురమే తీసుకుపోతా."

మామ మొహంలో నెత్తురు చుక్క లేదు. "రేపు మాట్లాడదాం, గమ్మునుండు" అన్నాడు.

ఆ రేపటి దాకా నాకు ఓపిక లేక, అదేరోజు మధ్యాహ్నం ఆయనింటికి వెళ్ళాను. ఊరంతా ఎండకు తలుపులేసుకుని పడుకున్న వేళ. పెరట్లో టకటకమని చప్పుడు. తొంగి చూసిన వాడిని తొంగి చూసినట్టే నిలబడిపోయాను.

అత్త మోపెడ్ హ్యాండిల్ రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. మామ చేతిలో సుత్తి. దానికి గుడ్డ చుట్టి, లైటు అద్దం మీద గురి చూస్తున్నాడు.

"మెల్లగా కొట్టు. పోయినతూరి మడ్‌గార్డుకు తగిలిండాది" అంటోంది అత్త.

"మామా!"

సుత్తి జారి కింద పడింది. ఇద్దరూ బెల్లం దొంగిలిస్తూ దొరికిన పిల్లల్లా నిలబడ్డారు.

"ఇదేం పని మామా? బాగున్న బండిని..."

"ఏం చేయల్లప్పా మరి?" మామ అరుగు మీద కూలబడ్డాడు. "మన కాయల కోసం నిజం చెప్పి కూడు పోగొట్టుకున్నాడు. నేనే శింగనమలకు పోయి వాణ్ణి పిలుచుకొచ్చినా. దుడ్లిస్తే తీసుకోల్యా. 'చెయ్యని పనికి తీసుకుంటే ఆ టై కట్టుకున్నోనికీ నాకూ తేడా యాడుండాదన్నా' అన్నాడు. సరే, బండి బాగున్నప్పుడే తీసుకపోయినా. బాగుండాది పో అని పంపించినాడు. మూడుతూర్లు!"

"నువ్వు మెచ్చేది అట్లాంటి వాళ్ళనే కదా?"

"మెచ్చినా. ముప్పై ఏండ్లు అట్లాంటోని కోసమే ఎతికినా. దొరికినాక తెలిసింది, అట్లాంటోనికి అన్నం పెట్టల్లంటే నిజంగా పగలగొట్టల్ల."

"మిక్సీ నేనే కాల్చినా. ఉత్తదే తిప్పినా, పొగొచ్చేదాకా" అంది అత్త గర్వంగా.

బాగున్న వస్తువును బాగలేదని చెప్పి జీవితమంతా లోకాన్ని పరీక్షించిన మనిషి, ఒక మంచివాడి కోసం తన ఇంట్లో వస్తువులన్నీ నిజంగానే పాడుచేసుకుంటున్నాడు. అతని పనితనాన్ని శంకించిన నా నోటిని నేనే తిట్టుకుంటూ బయటికొచ్చాను. వ్యాను ఎక్కబోయి ఆగాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. దారి పక్కన రాయి ఒకటి కనపడింది.

పావుగంటలో షెడ్డులో ఉన్నాను. "నరసింహులూ, యాడో గేటుకు తగిలినట్టుండాది. ఈ పక్కద్దం రొంత చూడప్పా."

నరసింహులు వంగి పగిలిన అద్దాన్ని చూశాడు. వేలితో తడిమాడు. లేచి నా మొహం చూశాడు.

"గేటు కాదన్నా. రాయి దెబ్బ. మీ మామైతే సుత్తికి గుడ్డ చుట్టి కొడతాడు."

నేను నోరు తెరిచాను. "నీకు తెలుసా?"

"ఒకే లైటు ఏడుతూర్లు పగిలితే తెలీదా అన్నా?"

"మరి దుడ్లు తీసుకుంటాండావే?"

"పగిలింది నిజమే కదా? నేను చేసేదీ నిజం పనే" అని స్క్రూడ్రైవరు అందుకున్నాడు. "మామ పగలగొడితే అద్దమొక్కటే పోతాది, బల్బుకు గీత గూడా పడదు. నువ్వు చూడు, అద్దంతో పాటు కాడ గూడా ఇరగ్గొట్టినావు. ఇంగోతూరి పగలగొట్టేముందు ఆయన్ని అడిగి నేర్చుకోన్నా."